అడుగు కమ్యూనిటీ ఊపిరి

పాపకూర,
ఆక్లాండ్,
2008 మార్చి 9, ఆదివారం

ఒరేయ్ మూర్తీ,

మీ తెలుగు సంఘం ఉగాది సావనీరుకి నా ఉద్యోగం గురించి వ్యాసం రాయమని ఫోన్లో అడిగావు. రెండు పేజీలు మించకూడదన్నావు, జనానికి జ్ఞానం కలగాలన్నావు. జ్ఞానం సంగతి నాకు తెలీదు గానీ రెండు పేజీలు నింపగలను. వ్యాసం రాయడం రాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చేపకి చేసినట్టు తలా తోకా కోసేసి మధ్యముక్క వేసుకో.

ముందు ఒక మాట. నేను సైంటిస్టుని కాను. హామిల్టన్‌లో అందరికీ అలా చెప్తున్నావట, మా ఆవిడ మేరమ్మతో ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో పనిచేసే పిల్ల చెప్పింది. నేను బురదకి కాపలావాణ్ణి. మా సంస్థ ఓడ ఒకటి పోయిన నెల అంటార్కిటికా దాకా వెళ్ళి, అర కిలోమీటరు లోతునున్న బురదని ఇరవై నాలుగు గాజులాంటి గొట్టాల్లో పట్టుకొచ్చింది. అందులో పురుగులున్నాయి, గుల్లలున్నాయి, ఐదు కాళ్ళ నక్షత్రాల్లాంటివి ఉన్నాయి. అవన్నీ ఆక్లాండ్‌లో మా చల్లగదిలో మైనస్ ఒకటి డిగ్రీలో ఉంటాయి. ఉప్పునీళ్ళు కాబట్టి అవి గడ్డకట్టవు. నేను కడతాను.

గొట్టం మూత బిగించి, లోపల చిన్న ఫ్యాను తిప్పుతూ, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో ఆరు గంటలకోసారి రాసుకోవాలి. లోపలివి ఊపిరి పీల్చుకునేకొద్దీ అది తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి అవి ఎంత ఎనర్జీ వాడుకున్నాయో మా జెనిఫర్ లెక్క కడుతుంది. ఆవిడే అసలు సైంటిస్టు. భీమవరం పక్కన రొయ్యల చెరువుల మీద ఇరవై ఏళ్ళు నేను చేసింది ఇదే పని. అక్కడ ఆక్సిజన్ తగ్గితే చెరువు షావుకారు తిట్టేవాడు. ఇక్కడ తగ్గకపోతే జెనిఫర్ బాధపడుతుంది.

ఇప్పుడు సైన్సు. అక్కడ ఎండాకాలం సూర్యుడు అస్తమించడు. పైన నీళ్ళలో ప్లాంక్టన్ పచ్చగా పెరుగుతుంది, రొయ్యల చెరువులో రంగు వచ్చినట్టే. ఎండ పట్టుకుని తిండి తయారుచేసేది అదే. అందులో ఎక్కువ భాగం పైనున్నవే తినేస్తాయి. మిగిలింది నెమ్మదిగా కిందికి రాలుతుంది. కింద బురదలో ఉన్నవాటిని జెనిఫర్ బాటమ్ కమ్యూనిటీ అంటుంది. వాటికి రెండు మూడు నెలలే తిండి, మిగతా ఏడాదంతా పస్తు. పస్తులో కూడా వాటి ఊపిరి ఆగదు, మెల్లగా నడుస్తూ ఉంటుంది. మొన్న గొట్టానికి ఒక చెంచా మేత వేస్తే రెండ్రోజుల్లో ఊపిరి రెట్టింపైంది. బురదకి ఆకలని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇంతే. నాది బడి తెలుగు, దీర్ఘాలు నువ్వు చూసుకో.

ఇంకో సంగతి. నిన్ను ఒరేయ్ అని రాసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి ఒకసారి ఆగుతుంది. మన ఊళ్ళో ఒకే బెంచీ మీద కూర్చుని పదో క్లాసు దాకా నువ్వు నన్ను ఒరేయ్ అన్నావు, నేను నిన్ను అండీ అన్నాను. కరణం గారబ్బాయివి మరి. పాపకూర స్టేషన్లో మళ్ళీ కలిసినప్పుడు నువ్వే అన్నావు, పచ్చళ్ళతోపాటు అండీలు కూడా ఎయిర్‌పోర్టులోనే లాక్కున్నార్రా అని. ఆ మాట నాకు నచ్చింది.

ఫ్రెడ్రిక్


రోటోటూనా, హామిల్టన్,
18-3-2008

మిత్రుడు ఫ్రెడ్రిక్‌కు,

నీ వ్యాసం అందింది. రికార్డు కోసం సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తున్నాను, ఏమీ అనుకోకు. విషయం అద్భుతంగా ఉంది. భాష మాత్రం కాస్త నేల మీద ఉంది, దాన్ని కొంచెం పైకి లేపాను.

మార్పులు చెప్తాను. 'కమ్యూనిటీ' అన్న ఇంగ్లీషు మాట తీసేసి 'వర్గం' అని పెట్టాను. తెలుగు సావనీరు కదా. 'బాటమ్' అంటే 'అట్టడుగు'. ప్లాంక్టన్ అంటే మనవాళ్ళకి తెలీదు, పైనుండేవి కాబట్టి అక్కడ 'పైవర్గం' అన్నాను. పురుగులు, బురద ఉన్న చోట్లన్నీ కొట్టేశాను. సావనీరు భోజనాలకి ముందు పంచుతాం, పులిహోర తినేవాళ్ళకి పురుగులు గుర్తు చేయడం బాగోదని సరోజ అంది. మా ఆవిడ అన్న మాట కాదనలేను. అక్కడక్కడా అతుకు కోసం ఒకటి రెండు వాక్యాలు కలపాల్సి వచ్చింది.

ఎనర్జీ అంటే కరెంటే కదా? జూన్ చలికాలం ముందు పొదుపు గురించి వ్యాసం రావడం సమయానికి తగ్గట్టుంది.

తెల్లకోటు వేసుకుని ఒక ఫోటో పంపు. పేరు కింద 'ధ్రువ శాస్త్రవేత్త' అని వేస్తున్నాను, వద్దనకు. ఆగస్టులో సంఘం ఎన్నికలున్నాయి, నేను అధ్యక్ష పదవికి నిలబడుతున్నాను. మన సావనీరులో ఒక శాస్త్రవేత్త ఉన్నాడంటే ఆ హోదా వేరు.

శ్రీరామచంద్రమూర్తి
కార్యదర్శి


పాపకూర,
మార్చి 25

ఒరేయ్ మూర్తీ,

తెల్లకోటు లేదు. మోకాళ్ళ దాకా నారింజరంగు రబ్బరు బూట్లున్నాయి, చెంగుమని గెంతే పండుగప్ప చేపలా ఉంటాను వాటిలో. ఆ ఫోటో కావాలంటే పంపుతాను.

ఎనర్జీ అంటే కరెంటు కాదు. బతకడానికయ్యే ఖర్చు. వర్గమంటావో గిర్గమంటావో నీ ఇష్టం, బురదలో వాళ్ళు తెలుగు చదవరు. మేరమ్మ కొత్త చీర కట్టుకుని వస్తానంటోంది. తన మొగుడి పేరు అచ్చులో చూడ్డం ఇదే మొదలట. చర్చి నుంచి సత్యమ్మ ఆంటీ వాళ్ళని కూడా వేన్ మాట్లాడి తీసుకొస్తోంది. భోజనాలు సరిపోతాయో లేదో చూసుకో.

ఫ్రెడ్రిక్


పాపకూర,
ఏప్రిల్ 20

శ్రీరామచంద్రమూర్తి గారికి,

నమస్కారమండి. ఉగాది ఫంక్షను బాగా జరిగిందండి. పులిహోర కూడా బాగుంది.

తమరు అచ్చేసిన నా వ్యాసంలోది కొంచెం ఇక్కడ రాస్తున్నాను, నాకు నోటికి వచ్చేసింది.

"పైవర్గాలు ఎండలో శ్రమించి ఆహారం తయారుచేస్తాయి. అట్టడుగు వర్గాలు శ్రమించవు. పైనుంచి రాలిపడేదాని కోసం ఎదురుచూడటమే వాటి వృత్తి. మేత వేసినంతసేపే వాటిలో చురుకుదనం. ఈ మందకొడితనం వాటికి పుట్టుకతో వచ్చినది." కింద నా పేరు. ధ్రువ శాస్త్రవేత్త, పాపకూర.

ఇందులో పురుగు లేదండి. బురద లేదు. సముద్రం ఒక్కసారి వచ్చింది, అదీ మొదటి లైన్లో, అలంకారంలాగా ఉంది. చదివినవాళ్ళకి ఏం అర్థమవుతుందో నాకు హాల్లోనే తెలిసింది. మీ ఎన్నికల పేనల్లోని వంశీకృష్ణ గారని, ఐటీలో ఉంటారట, వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఈ రోజుల్లో ఇంత ధైర్యంగా ఎవరు రాస్తారండి, అదీ సైన్సు ఆధారంతో" అన్నారు. తర్వాత "ఇంతకీ తమరు ఏ కమ్యూనిటీ అండి" అన్నారు. పాపకూర కమ్యూనిటీ అన్నాను. ఆయన నవ్వుతూనే చేతులు వదిలేశారు.

సత్యమ్మ ఆంటీ తెలుసు కదండీ. డెబ్బై ఏళ్ళు. మన జిల్లాలోనే నర్సుగా చేసి, ఇక్కడికొచ్చి ముసలివాళ్ళకి స్నానాలు చేయించి నలుగురు పిల్లల్ని చదివించింది. శ్రమించవు అన్న వాక్యం ఆవిడ అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది. వేన్‌లో తిరిగొచ్చేటప్పుడు హంట్లీ దగ్గర మేరమ్మ ఒక్క మాట అడిగింది, "ఇది నువ్వు రాశావా" అని. రాయలేదు అంటే "మరి నీ పేరెందుకుంది" అంది.

అడిగేది ఒకటేనండి. జూన్‌లో మీ సంఘం పత్రిక వస్తుంది. అందులో సవరణ వేయండి. ఇవి సముద్రం అడుగున బురదలో ఉండే పురుగులు, గుల్లలు. ఆ మాటలు ఫ్రెడ్రిక్ రాసినవి కావు అని. వ్యాసం ఏ సైజు అక్షరాల్లో ఉందో అదే సైజులో. నాకున్నది ఒక్క పేరు. అది ఆ కాగితం కింద ఉన్నంతకాలం ఆదివారం చర్చిలో నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

అండీ అంటున్నానని ఏమీ అనుకోకండి. అచ్చులో మన ఇద్దరి చోట్లు ఎక్కడున్నాయో చూశాక అలవాటు తిరిగొచ్చింది.

ఇట్లు,
ఫ్రెడ్రిక్


రోటోటూనా,
4-5-2008

ఫ్రెడ్రిక్ గారికి,

మీ ఉత్తరం చూసి బాధపడ్డాను. వ్యాసానికి మంచి స్పందన వచ్చింది. రెండో భాగం ఎప్పుడని తొమ్మిది మంది ఫోన్ చేశారు. మీరు కొంచెం సున్నితంగా తీసుకున్నారేమో. నా మనసులో అలాంటిదేమీ లేదని మీకు తెలుసు. ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

ఎన్నికల ముందు పెద్ద సవరణ వేస్తే అవతలి పేనల్ దాన్ని పట్టుకుంటుంది. వంశీకృష్ణ ఒక్కడి వెనకే ముప్ఫై ఓట్లున్నాయి. అయినా మీ మాట తీసేయను. జూన్ పత్రికలో అచ్చుతప్పుల కింద తప్పకుండా వేస్తాను. పురుగుల ప్రస్తావన ఉండేలా చూస్తాను. మీరు కోరింది అదే కదా.

శ్రీరామచంద్రమూర్తి
కార్యదర్శి


పాపకూర,
జూలై 6

శ్రీరామచంద్రమూర్తి గారికి,

సవరణ చూశానండి. పదకొండో పేజీలో, బాస్మతి బియ్యం ప్రకటనకి కింద. "ఉగాది సంచికలో అట్టడుగు వర్గాలు అన్నచోట పురుగులు అని చదువుకోగలరు."

చదువుకున్నామండి. మా చర్చిలో అందరూ చదువుకున్నారు.

ఏప్రిల్‌లో పక్క కుర్చీ ఒకటే ఖాళీ. ఇప్పుడు వరస మొత్తం నాదే, కాళ్ళు బారచాపుకోవచ్చు. మేరమ్మ పాటల బృందంలోకి మారింది. నా పక్కన కూర్చోకుండా ఉండడానికి ఆవిడకి దొరికిన మర్యాదైన దారి అది. పాడటం రాదు పాపం.

ఇక్కడ కరెంటు తీసే చెరువుల్లో నీళ్ళు తగ్గి దేశమంతా కరెంటు పొదుపు చేయమంటున్నారు కదండీ. మా సంస్థలో దానికో కమిటీ వేశారు. కమిటీ మా చల్లగదికి వచ్చి, బురదే కదా, రెండు డిగ్రీలు పెంచితే ఏమవుతుంది అని అడిగింది. అది ఎనర్జీ ఎంత తక్కువలో బతకొచ్చో కొలిచే గదండీ. అక్కడికొచ్చి వాటిని పొదుపు చేయమన్నారు. జెనిఫర్ వాళ్ళకి కుర్చీ వేసి గంటసేపు చెప్పింది. వాళ్ళు గది వదిలేసి మా టీ గదిలో హీటరు తీసుకుపోయారు.

ఆ గంటలో ఆవిడ చెప్పింది నేనూ విన్నాను. మార్చిలో నాకు తెలీనిది ఒకటుంది. చలికాలం పైన చీకటి పడి ప్లాంక్టన్ దాదాపు పోతుంది. అప్పుడు కూడా కిందివి ఆగవు. రాలిందాన్ని నమిలి, తవ్వి, కలిపి, పైకి పంపుతూ ఉంటాయి. పచ్చదనం పెరగాలంటే ఇనుము కావాలి, అందులో కొంత ఈ బురదలోంచే లేచి పైకి పోవాలి. మీ వ్యాసం రెండో భాగానికి పనికొస్తుందేమో చూడండి.

ఇంకో మాట కూడా చెప్పలేదు మీకు. ప్రాజెక్టు గురించి బయటివాళ్ళకి ఎవరు ఏం చెప్పారో జెనిఫర్ రిపోర్టులో రాయాలి. తెలుగులో అచ్చయిందని విని సంతోషపడి, ఇంగ్లీషులోకి చేసి ఇవ్వు, నీ పేరుతో పెడతాను అంది. బూట్లవాళ్ళ పేర్లు రిపోర్టుల్లోకి రావండి. ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. మొదటి వాక్యం ఇంగ్లీషులో రాసి, చదువుకుని, చింపేశాను. సావనీరు పోయిందని చెప్పాను. ఈ దేశం వచ్చాక నేనాడిన మొదటి అబద్ధం అది.

ఇక ఉత్తరం రాయక్కర్లేదండి. ఎన్నికల్లో మీరు గెలవాలి.

ఇట్లు,
ఫ్రెడ్రిక్


రోటోటూనా,
సెప్టెంబరు 14

ఫ్రెడ్రిక్,

ఇది నోట్‌బుక్ కాగితం. లెటర్‌హెడ్ ఇప్పుడు నా దగ్గర లేదు, ఎందుకో చెప్తాను.

ఆగస్టు పదహారున జనరల్ బాడీ. ఓటింగుకి ముందు వంశీకృష్ణ లేచి నీ వ్యాసం పైకి చదివాడు. హాలు తాలూకు పనులూ కుర్చీలూ వంటపాత్రలూ చూసుకోవడానికి ఒక 'సేవా విభాగం' పెట్టాలట, సౌత్ ఆక్లాండ్ వైపు, అంటే మీవైపు, ముసలివాళ్ళని చూసుకునే కేర్ వర్కర్ల కుటుంబాలైతే దానికి అలవాటుపడి ఉంటారట. దానికి సైన్సు ఆధారంగా నీ వ్యాసం. శ్రమించవు అని చదివి, వాళ్ళకే కుర్చీలు మోసే పని ఇస్తున్నాడు. ఎవరికీ తేడా కనిపించలేదు. పుట్టుకతో అన్నచోట అందరూ నవ్వారు.

నీకు చెప్పనిది ఇది. అతుకు కోసం ఒకటి రెండు వాక్యాలన్నాను. మూడు. శ్రమించవు అన్నది, ఎదురుచూడటమే వృత్తి అన్నది, పుట్టుకతో అన్నది. నీ ఉత్తరంలో అవి లేవు. నేను ఆలోచించి రాసినవీ కావు. పెన్ను పెడితే వచ్చేశాయి. మా ఇంటి అరుగు మీద చిన్నప్పుడు రోజూ విన్న మాటలవి, సైన్సు దొరగ్గానే దాని మీదెక్కి కూర్చున్నాయి. వాళ్ళ నవ్వులో నాకు అవి మా నాన్న గొంతుతో వినిపించాయి.

లేచి నిలబడి, "ఆ మాటలు ఫ్రెడ్రిక్‌వి కావు, నావి" అన్నాను. సిగ్గుతో చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంత బాగా రాస్తారని తెలీదండీ అన్నాడు ముందు వరసలో ఒకాయన. అరవై ఒకటికి ముప్ఫై నాలుగు, నేను గెలిచాను. గొప్పగా గెలిచాను రా, తప్పు ఒప్పుకుని.

వారం రోజులు అధ్యక్షుణ్ణని తిరిగాను. అది కూడా దాచను, బాగానే ఉండింది. తర్వాత ఫైల్లో నీ మార్చి ఉత్తరం కనపడింది. సరోజకి చదివి వినిపించాను. "ఇందులో పురుగులు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు తీయమన్నాను" అంది.

సెప్టెంబరు పత్రిక అధ్యక్షుడి చేతిలో ఉంటుంది. కాపీ పంపుతున్నాను. మొదటి పేజీ నుంచీ నీ ఉత్తరమే, నీ చేతిరాతలోనే, ఫోటో తీసి వేశాను. టైపు చేయిస్తే మళ్ళీ నా చెయ్యి ఊరుకోదని భయం. అండీ ఒరేయ్‌ల సంగతి కూడా అందులోనే ఉంది, కొట్టేయలేదు. పక్కన నేను కలిపిన మూడు వాక్యాలు వేసి, ఇవి నావి, ఇవి తప్పు అని నా పేరు పెట్టాను. అదే సైజులో.

పత్రిక బయటికొచ్చిన మూడో రోజు కమిటీ కూర్చుని నా ఆరోగ్యం బాగోలేదని తీర్మానించింది. నాకు బీపీ ఉన్నట్టు వాళ్ళు చెప్పేదాకా తెలీదు. వంశీకృష్ణ తాత్కాలిక అధ్యక్షుడు. పాలపొడి ఫ్యాక్టరీలో నా షిఫ్టు మాత్రం ఎవరూ తీసుకోలేదు, సరదాగా ఉంది.

జవాబు రాయమని అడగను.

మూర్తి


పాపకూర,
అక్టోబరు 5, ఆదివారం

మూర్తీ,

పత్రిక నాకంటే ముందు సత్యమ్మ ఆంటీకి చేరింది. ఇవాళ ప్రార్థన అయ్యాక టీ దగ్గరికి పట్టుకొచ్చి, "ఏం చేతిరాతయ్యా ఇది, కోడి గెలికినట్టుంది, నువ్వే చదువు" అని నా ముందు పడేసింది. నలభై మంది ఉన్నారు, కప్పులు పట్టుకుని నిలబడ్డారు. చదివాను. పండుగప్ప బూట్ల సంగతి ఇందులో లేదని గుర్తొచ్చి అది కూడా కలిపాను, క్షమించు. మేరమ్మ పాటల బృందం వైపు నుంచి వచ్చి నా వెనక నిలబడింది, బిస్కెట్టు ఒకటి చేతిలో పెట్టింది. పక్షవాతం వచ్చినవాళ్ళకి పెట్టినట్టు పెట్టింది, అది ఆవిడ ఉద్యోగపు అలవాటు.

బాటమ్ కమ్యూనిటీ దగ్గర ఆంటీ ఆపింది.

"కమ్యూనిటీ ఏంటయ్యా? పేట అనలేకపోయావా?"

"పేటా?"

"పురుగూ, నత్తా, గుల్లా అన్నీ ఒకచోట ఇరుక్కుని ఉంటాయన్నావు. పైనుంచి ఏది రాలితే అది తింటాయన్నావు. మన పేట కాకపోతే ఏంటది? సముద్రం అడుగున కూడా మనవాళ్ళే ఉన్నారన్నమాట" అని ఆవిడే ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు, నువ్వు రాసిన ఆ హాలు నవ్వు, రెండూ ఒకటి కావు. దాన్ని కొలిచే సూది మా దగ్గర లేదు గానీ తేడా ఉంది.

సావనీరు పోయిందని అబద్ధం చెప్పానని జెనిఫర్‌తో ఒప్పుకున్నాను, ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఇప్పుడు పత్రికలో వచ్చింది ఇంగ్లీషులోకి చేశాం, రెండు లంచ్ టైములు పట్టింది. నీ మూడు వాక్యాలు కూడా చేశాను, నువ్వు పక్కన పెట్టావు కాబట్టి. కమ్యూనిటీకి తెలుగు మాట ఏంటని అడిగింది. పేట అన్నాను. అంటే సరిగ్గా ఏంటి అంది. ఊరికి పల్లంలో ఉండేది, వరదొస్తే ముందు మునిగేది, పైవాళ్ళ పొలం పనంతా చేసేది అన్నాను. "మాకు ఇంగ్లీషులో ఇంత మంచి మాట లేదు" అని రిపోర్టులో అలాగే రాసుకుంది.

శనివారం గొట్టాల మూతలు తీసి కడుగుతాం. లోపల ఎవరు బతికున్నారో అప్పుడు లెక్క పెట్టాలి. ఒక జత బూట్లు ఎక్కువున్నాయి, నీ కాలికి వదులు. పొద్దున్నే బయల్దేరి రా, మేరమ్మ చేపల పులుసు పెడతానంది.

రిపోర్టులో నా పేరు వేస్తున్నారు. దాని కింద నీ పేరు కూడా వేయమన్నాను, తెలుగు ప్రతికి ఎడిటర్ అని. జెనిఫర్ ఆ చేతిరాత పేజీలన్నీ తిరగేసి, "ఈయన ఇందులో ఏం దిద్దాడు?" అని అడిగింది.

"ఏమీ దిద్దలేదు, అందుకే" అన్నాను.

ఫ్రెడ్రిక్